బడ్జీ మేత ముట్టకపోతే: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా ఇంట్లో నాలుగేళ్ల మగ బడ్జీ, అంటే పంజరంలో పెంచే చిన్న చిలుక ఉంది. మూడు రోజులుగా అరుపు తగ్గించి, ఈకలు ఉబ్బించుకొని పంజరంలో ఒక మూల కూర్చుంటోంది. పొద్దున గింజల గిన్నె దగ్గరికి వెళ్లి ముక్కుతో కెలుకుతుంది గాని గిన్నె ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటోంది. రెట్ట తక్కువగా, ముదురు ఆకుపచ్చగా పడుతోంది. తెలిసినవారు ఒకరు నీళ్లలో యాంటీబయాటిక్ పొడి కలపమన్నారు. మరొకరు సిరంజితో పాలు పట్టమన్నారు. అదే పంజరంలో ఉన్న ఆడ బడ్జీ మాత్రం హుషారుగానే ఉంది. ఏం చేయాలో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం అందిన రోజునే, పక్షులకు వైద్యం చేయడంలో అనుభవం ఉన్న పశువైద్యుడికి ఆ పూటే చూపించమని మీకు విడిగా జవాబు రాశాము. ఇలాంటి పిట్టలు మరికొందరు పాఠకుల ఇళ్లలోనూ ఉండవచ్చు కాబట్టి, అంత తొందర ఎందుకు పెట్టామో, వైద్యుడి దగ్గరికి చేరేలోపు ఇంట్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

పెరిగిన బడ్జీ బరువు సాధారణంగా 30 నుంచి 40 గ్రాముల మధ్య ఉంటుంది. దాని ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. అంత చిన్న ఒంట్లో అంత వేడి నిలవాలంటే పగలంతా కొద్దికొద్దిగా తింటూనే ఉండాలి గాని, మనం రెండు పూటలు లంఖణం చేసి తేరుకున్నట్టు అది తేరుకోలేదు. ఒక పగలూ ఒక రాత్రీ ఏమీ తినని బడ్జీ ప్రాణాపాయంలో ఉన్నట్టే లెక్క. దీనికి తోడు, ఇది ఆస్ట్రేలియాలోని పొడి నేలల్లో గుంపులు గుంపులుగా బతికే జాతి. గుంపులో నీరసంగా కనిపించిన పిట్ట మీదే డేగ కన్ను ముందు పడుతుంది కనుక, ఒంట్లో బాగా లేకపోయినా బాగున్నట్టే మసలుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. 1840లో జాన్ గూల్డ్ అనే ఇంగ్లీషు పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చిన తరువాత ఇన్ని తరాలుగా పంజరాల్లో పెరుగుతున్నా ఆ గుణం పోలేదు. మన కంట పడేసరికి జబ్బు చాలా రోజుల కిందటే మొదలై, ఇక దాచుకునే ఓపిక పిట్టకు లేకుండా పోయి ఉంటుంది.

గిన్నె నిండుగా ఉంటోందని మీరు రాసిన మాట చాలా ముఖ్యమైనది. బడ్జీ గింజను ముక్కు అంచున పట్టుకొని, నాలుకతో తిప్పుతూ పొట్టు ఒలిచి, లోపలి పప్పును మాత్రమే మింగుతుంది. పొట్టు చాలావరకు అదే గిన్నెలో పడుతుంది. అందువల్ల గింజలన్నీ అయిపోయినా గిన్నె నిండుగానే కనిపించి, నిజంగా ఆకలితో ఉన్న పిట్టకు మేత ఉందని ఇంట్లోవాళ్లు పొరబడటం తరచుగా జరుగుతుంది. జబ్బుపడిన పిట్ట విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు జరుగుతుంది. అది గిన్నె దగ్గర చాలాసేపు కూర్చుంటుంది, గింజ తరువాత గింజ నోట్లోకి తీసుకుంటుంది, నలుపుతుంది, మింగకుండా వదిలేస్తుంది. దూరం నుంచి చూసేవారికి అది బాగానే తింటున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి గిన్నెలో ఉన్నదంతా ఒక తెల్ల కాగితం మీద పోసి మెల్లగా ఊదండి. వట్టి పొట్టు ఎగిరిపోతుంది. మిగిలిన గింజలను వేలితో పక్కకు జరుపుతూ చూస్తే, కొన్ని నున్నగా మెరుస్తూ ముట్టుకోనివిగా ఉంటాయి. కొన్నింటి పొట్టు సగం ఊడి, పప్పు నలిగి, అంచున ముక్కు గాటు పడి ఉంటుంది. ఇలా నలిగిన గింజలు ఎక్కువగా కనిపిస్తే పిట్టకు తినాలని ఉన్నా మింగలేకపోతోందని అనుమానించాలి. ఈ సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పండి.

పంజరంలో రెండు పిట్టలు ఉన్నప్పుడు ఎవరు ఎంత తిన్నారో గిన్నె చెప్పదు. ఆ లెక్క కచ్చితంగా చెప్పేది త్రాసు. ఒక్కొక్క గ్రాము తేడా కూడా చూపించే చిన్న డిజిటల్ త్రాసు బడ్జీని పెంచే ఇంట్లో తప్పనిసరిగా ఉండాలని మా అభిప్రాయం. ఆట బొమ్మలు, అద్దాలు, గంటలు అన్నీ దాని తరువాతే. ఉదయం మొదటి రెట్ట వేసిన తరువాత, మేత పెట్టకముందు, త్రాసు మీద చిన్న కర్ర గాని డబ్బా గాని పెట్టి, దాని బరువు తీసేసి పిట్టను తూయాలి. 35 గ్రాముల పిట్ట మూడున్నర గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయిందన్న మాట. ఈకలు ఉబ్బించుకొని గుండ్రంగా కనిపించడం వల్ల ఆ చిక్కడం కంటికి తెలియదు. త్రాసు లేనివారు ఛాతీ మధ్యలో నిలువుగా ఉండే ఎముకను వేలి కొసతో తడిమి చూడవచ్చు. రెండు వైపులా కండ నిండుగా ఉంటే మంచిదే. ఎముక కత్తి అంచులా పైకి పొడుచుకొని తగిలితే పిట్ట బాగా చిక్కిపోయిందని అర్థం. ఇలా చూసేటప్పుడు ఛాతీని గట్టిగా పట్టుకోకూడదు. పక్షులకు మనకున్నట్టు ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర ఉండదు కాబట్టి ఛాతీ ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గుప్పిట బిగిస్తే నోరు, ముక్కు తెరిచి ఉన్నా ఊపిరి ఆగిపోతుంది. తలను రెండు వేళ్ల మధ్య మెత్తగా నిలిపి, ఒంటిని అరచేతిలో వదులుగా ఆనించుకోవాలి.

రెట్ట గురించి మీరు గమనించినది సరైనదే. ఆరోగ్యంగా ఉన్న బడ్జీ పగటి పూట ఇంచుమించు పావుగంట నుంచి అరగంటకోసారి రెట్ట వేస్తుంది. అందులో చుట్టలాంటి ఆకుపచ్చ లేదా గోధుమరంగు మలం, దాని మీద తెల్లటి సున్నంలాంటి భాగం, చుట్టూ కాస్త నీరు, ఈ మూడూ విడివిడిగా కనిపిస్తాయి. కడుపులోకి మేత పోనప్పుడు మలం తగ్గి, పైత్యరసమే మిగిలి ముదురు ఆకుపచ్చగా, ఒక్కోసారి నల్లగా, జిగటగా పడుతుంది. సున్నం భాగం తెలుపు పోయి పసుపుగా గాని ఆకుపచ్చగా గాని మారితే కాలేయానికి సంబంధించిన జబ్బును అనుమానిస్తారు. గింజలు అరగకుండా అలాగే రెట్టలో కనిపిస్తే కడుపులోనో కందనకాయలోనో లోపం ఉందన్న మాట. ఇవన్నీ చూడాలంటే పంజరం అడుగున ఇసుకకు బదులు తెల్ల కాగితం పరచాలి. పూటకొకటి మార్చి, తీసిన కాగితాన్ని పారేయకుండా ఉంచండి. వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు పంజరం శుభ్రంగా కడిగి తీసుకుపోవాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ రోజు రెట్టే అక్కడ జరిగే మొదటి పరీక్షకు ఆధారం.

ఇంట్లో మీరు చేయగలిగిన వాటిలో అన్నింటికంటే మేలు చేసేది వెచ్చదనం. ఈకలు ఉబ్బించుకోవడమంటే పిట్ట ఉన్న కొద్దిపాటి శక్తినీ ఒంటి వేడి కాపాడుకోవడానికే ఖర్చు చేస్తోందన్న మాట. ఆ భారాన్ని మనం తీసుకుంటే మిగిలిన శక్తి జబ్బుతో పోరాడటానికి పనికొస్తుంది. పంజరానికి మూడు వైపులా గుడ్డ కప్పి, తెరిచి ఉన్న వైపు గాలి విసురు తగలకుండా చూసి, ఒక చివర మాత్రమే 29 నుంచి 32 డిగ్రీల వరకు వేడి ఉండేటట్టు బయట నుంచి బల్బు గాని, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా గాని పెట్టండి. రెండో చివర మామూలుగానే ఉండాలి. వేడి ఎక్కువైతే పిట్ట తనంతట తాను అటు జరుగుతుంది. అందాజుగా కాకుండా పిట్ట కూర్చునే చోట థర్మామీటరు పెట్టి చూడాలి. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి ఎగరొప్పుతుంటే వేడి తగ్గించాలి. టెఫ్లాన్‌లాంటి పూత ఉన్న వేడి బల్బులు, నాన్‌స్టిక్ పాత్రలు మాత్రం దగ్గరలో ఉండకూడదు. బాగా వేడెక్కినప్పుడు వాటి నుంచి వచ్చే ఆవిరి మనకు వాసన తెలియకుండానే పక్షి ఊపిరితిత్తులను నిమిషాల్లో దెబ్బతీస్తుంది.

పైన ఉన్న కర్రలు తీసేసి, అడుగుకు నాలుగైదు అంగుళాల ఎత్తులో ఒకటి ఉంచి, మేత గిన్నె, నీళ్ల గిన్నె పిట్ట మెడ చాచితే అందేటంత దగ్గరలో పెట్టండి. ఓపిక లేని పిట్ట రెండడుగులు వేయవలసి వస్తే మేత మానుకుంటుంది. రాత్రి పూర్తి చీకటి కాకుండా మసక దీపం ఉంచితే, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు కొంత తినే అవకాశం ఉంటుంది. అయినా పది గంటలైనా ప్రశాంతమైన నిద్ర ఉండాలి. టీవీ ఉన్న గదిలో పెట్టవద్దు.

మేత విషయంలో ఇది నియమాలు పాటించే సమయం కాదు. అలవాటైన గింజలే పెట్టండి. మామూలు రోజుల్లో అప్పుడప్పుడు మాత్రమే పెట్టవలసిన కొర్ర కంకి ఇప్పుడు ఎంత తిన్నా ఫరవాలేదు, ఎందుకంటే జబ్బు పిట్ట చివరి వరకు వదలనిది అదే. కంకిని కర్ర పక్కనే కట్టండి, కొన్ని గింజలు కాగితం మీద చల్లండి. నేల మీద ఏరుకు తినడం వాటికి సహజమైన అలవాటు కాబట్టి గిన్నె వైపు చూడని పిట్ట కూడా చల్లిన గింజను ముక్కుతో అందుకోవచ్చు. గింజలను కొన్ని గంటలు నానబెట్టి, బాగా కడిగి, నీరు వార్చి పెడితే పొట్టు మెత్తబడి ఒలవడం సులువవుతుంది. నానిన గింజ త్వరగా పులిసిపోతుంది గనుక రెండు మూడు గంటల్లో తీసేయాలి. ఇసుక, రాతి పలుకులు ఉన్న గిన్నె మాత్రం తీసేయండి. కడుపులో బాధగా ఉన్న పిట్ట వాటిని అతిగా మింగి, దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక మీకు అందిన రెండు సలహాలు. పాలు పట్టవద్దు. పాలలోని చక్కెరను పక్షి అరిగించుకోలేదు, విరేచనాలు పట్టుకొని ఉన్న నీరు కూడా పోతుంది. సిరంజితో ఏదైనా నోట్లో పోయడం అంతకంటే ప్రమాదం. నీరసంగా ఉన్న పిట్ట సరిగా మింగలేదు. నాలుక వెనకే శ్వాసనాళం తెరుచుకొని ఉంటుంది. ఒక్క చుక్క తప్పుదారి పడితే పొలమారి, ఊపిరితిత్తుల్లోకి దిగి, వచ్చిన జబ్బు కంటే ముందు అదే ప్రాణం తీస్తుంది. చేత్తో తినిపించవలసి వస్తే, వైద్యుడే సన్నటి గొట్టంతో మెడ కింది ఆహారపు సంచిలోకి నేరుగా ఆహారం పంపుతాడు. బడ్జీకి ఒకసారికి ఒకటి రెండు మిల్లీలీటర్లే పెడతారు. ఆ పని ఆయన దగ్గర కళ్లారా చూసి, ఆయన ఎదురుగా చేసి నేర్చుకున్న తరువాత మాత్రమే ఇంట్లో చేయాలి. అప్పటి వరకు ముక్కు పక్క అంచు మీద ఒక నీటి బొట్టు ఆనించి, పిట్ట తనంతట తాను నాలుకతో తీసుకుంటే తీసుకోనివ్వడం వరకే మీ హద్దు.

నీళ్లలో కలిపే యాంటీబయాటిక్ విషయానికి వస్తే, పొడి నేలల్లో బతికే జాతి కావడం వల్ల బడ్జీ రోజుకు తాగేది కొద్ది మిల్లీలీటర్లే. జబ్బు చేస్తే ఇంకా తగ్గుతుంది, మందు రుచి తగిలితే పూర్తిగా మానేస్తుంది. ఒంట్లోకి ఎంత మందు పోయిందో ఎవరూ చెప్పలేరు. అంతకంటే ముఖ్యమైన విషయం, బడ్జీలలో తిండి మానిపించే జబ్బుల్లో చాలా వాటికి యాంటీబయాటిక్ పనిచేయనే చేయదు. వాటిలో తరచుగా కనిపించేది కడుపుకూ కందనకాయకూ మధ్య స్థిరపడే ఒక ఈస్టు, దాని పేరు మాక్రోరాబ్డస్. దాన్ని మొదట బాక్టీరియాగా పొరబడి మెగాబాక్టీరియా అని పిలిచేవారు. ఇది పట్టిన పిట్ట పగలంతా గిన్నె దగ్గరే ఉంటుంది, గింజలు నలుపుతుంది, అయినా రోజురోజుకూ చిక్కిపోతుంది. మీ పిట్ట లక్షణాలు దీనికి దగ్గరగా ఉన్నాయని మాకు అనిపిస్తోంది, కానీ నిర్ధారణ రెట్టను సూక్ష్మదర్శినిలో చూసిన తరువాతే. దీనికి ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందును నోటి ద్వారా కొన్ని వారాలు వాడతారు. రెండోది ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి. నోట్లో, ఆహారపు సంచిలో పుండ్లు పుట్టించి మింగనివ్వదు. దానికి మెట్రొనిడజోల్ కోవకు చెందిన మందు. వట్టి గింజల మీదే పెరిగిన పిట్టల్లో అయోడిన్ చాలక థైరాయిడ్ గ్రంథి ఉబ్బి, లోపలి నుంచి శ్వాసనాళాన్ని, అన్నవాహికను నొక్కడం మరొక కారణం. అలాంటి పిట్ట ఊపిరి తీసుకుంటుంటే కీచుమనే చప్పుడు వస్తుంది, ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగుతుంది. ముక్కు చుట్టూ తేనెపట్టులా బెరడు కట్టించే సూక్ష్మమైన పురుగుల వల్ల ముక్కు వంకరపోయి గింజ పట్టలేకపోవచ్చు. ఒక కాలు కుంటుతూ చిక్కిపోతున్న పిట్టలో లోపల కణితి ఉండవచ్చు. ఇన్ని వేర్వేరు జబ్బులకు ఒకే పొడి ఎలా మందవుతుందో మీరే ఆలోచించండి.

ఆడ పిట్టను వేరే పంజరంలో పెట్టండి. అంటుకునే జబ్బు కాదని తేలేవరకు గిన్నెలు కలపకూడదు, జబ్బు పిట్టను చూసిన తరువాత చేతులు కడుక్కొని రెండోదాని దగ్గరికి వెళ్లాలి. ఒకదాని గొంతు ఒకదానికి వినపడేటంత దూరంలో ఉంచితే మంచిది, ఎందుకంటే గుంపు పక్షికి పూర్తి ఒంటరితనం కూడా మేత మాన్పిస్తుంది. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు పిట్టను చిన్న పెట్టెలోనో చిన్న పంజరంలోనో, అడుగున మెత్తటి గుడ్డ పరచి, పైన కప్పి, వెచ్చగా తీసుకువెళ్లండి. దాచిన రెట్ట కాగితాలు, రోజువారీ బరువు, ఏ మేత పెడుతున్నారో, పిట్ట ఇంట్లో వదిలినప్పుడు ఏమేమి కొరికిందో రాసి పట్టుకెళ్లండి. తుప్పు పట్టిన జింకు తీగ, పాత రంగు పెచ్చులు కొరికిన పిట్టకు లోహ విషం ఎక్కినప్పుడు కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. దాన్ని పట్టాలంటే ఎక్స్‌రే తీయాలి.

ప్రశ్న: మా మగ బడ్జీ అద్దం ముందు కూర్చొని తిన్న గింజలు బయటికి తీసి అద్దానికి పెడుతుంది. ఈ మధ్య దాని తల మీద ఈకలు జిగురుగా అతుక్కొని కనిపిస్తున్నాయి. మేత కొంచెం తగ్గించింది. ఇది జత కోరుకునే అలవాటా, జబ్బా?

సమాధానం: ఈ రెండూ వేర్వేరు సంగతులు, మీ పిట్టలో రెండూ ఉన్నట్టున్నాయి. జతకు మేత తినిపించే పిట్ట చురుగ్గా తల పైకీ కిందికీ ఆడించి, నోట్లోకి వచ్చినదాన్ని ఒక్కచోటే, శ్రద్ధగా, అద్దం మీదో జత నోట్లోనో పెడుతుంది. కళ్లు చురుగ్గా ఉంటాయి, ఈకలు ఒంటికి అణిగి ఉంటాయి. వాంతి చేసుకునే పిట్ట అలా చేయదు. తల అటూ ఇటూ విదిలిస్తుంది. నోట్లోంచి వచ్చిన గింజలు, జిగురు పంజరం ఊచలకూ, గోడకూ, దాని తలకే అంటుకుంటాయి. తల ఈకలు అతుక్కుపోయాయంటే అది విదిలించిన జిగురే. ఇది ఆహారపు సంచిలో జబ్బుకు గట్టి గుర్తు. పైన చెప్పిన ట్రైకోమోనాస్, మాక్రోరాబ్డస్ రెండూ ఇలా చేయించగలవు. వైద్యుడు సంచిలోంచి తీసిన తడి నమూనాను అక్కడికక్కడే, ఆరిపోకముందే సూక్ష్మదర్శినిలో చూస్తే ట్రైకోమోనాస్ కదలికను బట్టి దొరికిపోతుంది. నమూనా చల్లారి, ఆలస్యమైతే అది కదలడం మానేసి కంటికి దొరకదు. అందువల్ల నమూనా మాత్రం పంపించడం కాకుండా పిట్టనే తీసుకువెళ్లండి.

అద్దాన్ని ఈ రోజే తీసేయండి. జబ్బు లేని రోజుల్లో కూడా కొన్ని మగ పిట్టలు రోజంతా అద్దానికి తినిపిస్తూ, తమ కడుపులోకి పోవలసిన మేతంతా బయటికి తోడిపోసి చిక్కిపోతాయి. అద్దంలో పిట్ట ఎప్పటికీ తిరిగి తినిపించదు కదా.

ప్రశ్న: మా ఆడ బడ్జీ ఈ రోజు ఉదయం నుంచి పంజరం అడుగున కాళ్లు ఎడంగా పెట్టి కూర్చుంది. మేత ముట్టడం లేదు. తోక ఊపుతూ ముక్కుతున్నట్టు కనిపిస్తోంది. మగ పిట్ట లేదు కాబట్టి గుడ్డు అయ్యే అవకాశం లేదనుకుంటున్నాము. నిజమేనా?

సమాధానం: నిజం కాదు. మగ పిట్ట లేకపోయినా ఆడ బడ్జీ గుడ్లు పెడుతుంది. వాటి నుంచి పిల్లలు రావు, అంతే తేడా. మీరు రాసినది గుడ్డు లోపల ఇరుక్కుపోయిన పిట్ట తీరు. ఈ పత్రికలో వచ్చే జవాబు కోసం చూస్తే ఆలస్యమవుతుందని మీకు ఫోను ద్వారానే చెప్పాము. ఇలాంటి పిట్టను గంటల్లో వైద్యుడికి చేర్చాలి, రేపటికి వాయిదా వేయకూడదు. గుడ్డు లోపల నడుము నరాలను నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి, రెట్ట దారి మూసుకుపోతుంది. ఎక్కువగా సున్నపు ధాతువు చాలకపోవడం వల్ల, అంటే కాల్షియం లోపం వల్ల కండరాలు గుడ్డును ముందుకు నెట్టలేకపోతాయి. వైద్యుడు కాల్షియం ఇంజెక్షను ఇచ్చి, వెచ్చగా, తేమగా ఉండే పెట్టెలో ఉంచి చూస్తాడు. చాలా పిట్టలు అప్పుడు తామే గుడ్డు పెడతాయి. దారిలో మీరు చేయవలసింది 30 డిగ్రీల వెచ్చదనం, పక్కన ఒక తడిగుడ్డ, కదిలించకుండా ఉంచడం. పొట్ట నొక్కడం, నూనె వేసి వేలితో తీయాలని చూడటం, గుడ్డును లోపలే పగలగొట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. పెంకు ముక్కలు లోపల గీసుకుంటే పిట్ట దక్కదు.

ప్రశ్న: జబ్బు పిట్టకు నేనే సేవ చేస్తున్నాను. నాలుగు రోజులుగా నాకు జ్వరం, పొడి దగ్గు. రెండింటికీ సంబంధం ఉందా?

సమాధానం: ఉండవచ్చు. క్లమీడియా సిటాసీ అనే బాక్టీరియా చిలుక జాతి పక్షులకు వచ్చి, ఎండిన రెట్ట ధూళి ద్వారా మనుషులకూ సోకుతుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, పొడి దగ్గుతో మొదలై న్యుమోనియాగా మారగలదు. మీ వైద్యుడికి ఇంట్లో జబ్బుపడిన బడ్జీ ఉందన్న మాట మీరే ముందుగా చెప్పాలి, ఎందుకంటే అడగకపోతే ఈ జబ్బు ఆయనకు తట్టకపోవచ్చు. సరైన మందుతో, ముఖ్యంగా డాక్సీసైక్లిన్‌తో, ఇది నయమవుతుంది. పిట్టకు కూడా అదే మందును పశువైద్యుడు సాధారణంగా 45 రోజుల వరకు ఇస్తాడు. మధ్యలో బాగుందని ఆపకూడదు. పంజరం శుభ్రం చేసేటప్పుడు పొడి రెట్టను చీపురుతో ఊడ్చకుండా, నీళ్లు చిలకరించి తడిపి, మాస్కు పెట్టుకొని కాగితంతో సహా చుట్టి తీయండి. గర్భిణులు, చిన్న పిల్లలు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఆ పని చేయకూడదు.

ప్రశ్న: మందులు వాడిన తరువాత మా బడ్జీ మళ్లీ తింటోంది. గింజలు మాత్రమే తినడం వల్లే జబ్బు వచ్చిందని వైద్యుడు చెప్పారు. వెంటనే పెల్లెట్లకు, అంటే పక్షుల కోసం తయారుచేసిన మేత గుళికలకు మార్చేయమంటారా?

సమాధానం: వెంటనే వద్దు. గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఏ, కాల్షియం, అయోడిన్ తక్కువ అన్నది నిజమే, మార్చడం కూడా అవసరమే. కానీ పుట్టినప్పటి నుంచి గింజలే తిన్న పిట్టకు పెల్లెట్ మేతలా కనిపించదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని గింజలు ఒక్కసారిగా తీసేస్తే, ఎదురుగా గిన్నె నిండా పెల్లెట్లు ఉన్నా ఆకలితో పడిపోయే పిట్టలు ఉన్నాయి. ఇప్పుడే కోలుకుంటున్న పిట్టకు అది మరీ ప్రమాదం. బరువు జబ్బుకు ముందున్న స్థాయికి చేరి, కనీసం రెండు మూడు వారాలు నిలకడగా ఉన్న తరువాత మొదలుపెట్టండి.

ముందుగా గింజల గిన్నె అలాగే ఉంచి, పక్కన వేరే గిన్నెలో పొడి చేసిన పెల్లెట్లు పెట్టండి. తడి చేసిన కొర్ర కంకిని ఆ పొడిలో దొర్లించి కడితే, గింజతో పాటు ఆ రుచి కూడా నోటికి తగులుతుంది. సన్నగా తురిమిన క్యారట్, ముదురాకుపచ్చ ఆకుకూరలు తడితోనే ఊచలకు కట్టండి. చాలా బడ్జీలు తడి ఆకుల్లో ముందు స్నానం చేసి, ఆ తరువాత కొరకడం మొదలుపెడతాయి. అవకాడో, చాక్లెట్, ఉప్పు వేసిన తినుబండారాలు మాత్రం ఇంట్లో ఎవరూ ముద్దుకైనా పెట్టకూడదు. పెల్లెట్లు కొరుకుతున్నట్టు రెట్ట రంగు మారడంతో తెలిసిన తరువాతే గింజలు కొద్దికొద్దిగా తగ్గించండి. దీనికి వారాలు పట్టవచ్చు, కొన్ని పిట్టలకు నెలలు పడుతుంది. ఈ కాలమంతా రోజూ ఉదయం తూయండి. 35 గ్రాములున్న పిట్ట 33కు దిగిందంటే ఆ రోజే పూర్తి గింజలు మళ్లీ పెట్టి, బరువు తిరిగి వచ్చేవరకు ఆగండి.